కొత్తగా కొన్న హెక్స్ బిట్ సాకెట్ సెట్ మంచిదో కాదో ఎలా తేల్చుకోవాలి

కొత్త హెక్స్ బిట్ సాకెట్ సెట్, అంటే ఆరు పలకల కొసతో అలెన్ బోల్ట్‌లు తిప్పే ముక్కల సెట్, చేతికి రాగానే దాదాపు అందరూ చేసేది ఒకటే, బాక్స్ తెరిచి మెరుపు చూస్తారు, ఒక ముక్క చేతిలో పెట్టుకుని బరువు చూస్తారు, బిట్ మీద ఎస్2 అని (అదొక స్టీల్ పేరు) ఉందా లేదా చూస్తారు, రాచెట్‌కి (సాకెట్లు తగిలించి తిప్పే పిడి) తగిలించి గిరగిరా తిప్పి బాగానే ఉందనుకుని మూత పెట్టేస్తారు. కానీ వీటిల్లో ఏ ఒక్కటీ ఆ సెట్ పనికొస్తుందో లేదో చెప్పదు. అసలు సంగతంతా బిట్ చివర మూడు నాలుగు మిల్లీమీటర్లలో ఉంటుంది, ఎందుకంటే బోల్ట్ తలలోకి దిగేది అంతే, లోడ్ మొత్తం పడేది అక్కడే. మిగతాదంతా ఆ కొసని సరిగ్గా పట్టుకుని తిప్పడానికి ఉన్న ఏర్పాటు. కాబట్టి సెట్‌ని చూడటం అంటే ఆ కొసని చూడటం, అది కూడా ఒక్కో ముక్కని విడిగా. బాక్స్ ఒకటే అయినా లోపల ఉన్నవి పది వేర్వేరు టూల్స్, తొమ్మిది బాగుండి ఒకటి చెడ్డది రావడం మామూలే, ఆ ఒక్కటి మీరు రోజూ వాడే 5 మి.మీ. అయితే మిగతా తొమ్మిది ఎంత బాగున్నా ఏం లాభం.

ముందు ఈ టూల్ ఏంటో ఒకసారి చూద్దాం. బోల్ట్ తల మధ్యలో ఆరు పలకల గుంట ఉంటుంది కదా, అలెన్ బోల్ట్ అంటాం. ఆ పేరు అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఊళ్లో ఉన్న విలియం జి. అలెన్ నుంచి వచ్చింది, ఆయనకి దీని తయారీ పద్ధతి మీద 1910లో పేటెంట్ వచ్చింది. అప్పట్లో తిరిగే షాఫ్ట్‌ల మీద సెట్ స్క్రూల (షాఫ్ట్‌కి చక్రాల్ని బిగించే మరలు) తలలు బయటికి పొడుచుకుని ఉండేవి, పనిచేసేవాళ్ల బట్టలు వాటికి చిక్కుకుని ప్రమాదాలు జరిగేవి, తల లేకుండా లోపలికే దిగిపోయే స్క్రూ అయితే ఆ గొడవ ఉండదు. అందుకే అలెన్ కంపెనీ వాళ్లు దాన్ని సేఫ్టీ స్క్రూ అనే అమ్మారు. దాన్ని తిప్పడానికి ఎల్ ఆకారంలో కీ వచ్చింది, తర్వాత అదే హెక్స్ కడ్డీని పొట్టిగా కోసి సాకెట్‌లో బిగించి రాచెట్‌కి తగిలించేలా చేస్తే మన బిట్ సాకెట్ అయ్యింది.

ఈ మార్పులోనే ఒక చిక్కు ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఎల్ కీకి చెయ్యి ఎంత పొడవుండాలో దాని సైజుని బట్టే తయారు చేస్తారు, 5 మి.మీ. కీ పొట్టిగా ఉంటుంది, ఎంత నొక్కినా మీరు వేయగలిగే బలానికి ఒక హద్దు ఉంటుంది, పైగా కీ కొంచెం వంగి మీకు ముందే తెలుస్తుంది. బిట్ సాకెట్‌కి ఆ హద్దు పోయింది. అర అంగుళం డ్రైవ్ (సాకెట్‌లోకి దిగే చదరపు ముక్క సైజు) రాచెట్ పిడి పావు మీటర్ ఉంటుందనుకుందాం, చివర ఇరవై కేజీల బలంతో నొక్కితే దాదాపు 50 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, పడుతుంది. అదే 5 మి.మీ. బిట్ పట్టే ఎం6 బోల్ట్ (మర మందం 6 మి.మీ.), 8.8 గ్రేడ్‌ది (గ్రేడ్ అంటే బోల్ట్ బలం చెప్పే అంకె), బిగించడానికి కావాల్సింది సుమారు 10 న్యూటన్ మీటర్లు మాత్రమే. అంటే కావాల్సినదానికి ఐదింతలు మీ చేతికి తెలియకుండానే వేసేయొచ్చు. అందుకే బిట్ విరిగినా, బోల్ట్ గుంట రౌండ్ అయినా, సెట్ నాసిరకం అని వెంటనే తీర్మానించే ముందు ఎంత పెద్ద పిడితో తిప్పారో చూసుకోవాలి. చిన్న సైజులకి చిన్న డ్రైవ్ అనేది ఊరికే పెట్టిన రూల్ కాదు.

బిట్ బలం సైజుతో పాటు మామూలుగా పెరగదు, ఘనంతో పెరుగుతుంది. అదే స్టీల్ అయితే 3 మి.మీ. కంటే 6 మి.మీ. ఎనిమిదింతలు తట్టుకుంటుంది, 4 నుంచి 5కి వెళ్తేనే దాదాపు రెట్టింపు. కాబట్టి సెట్‌లో పెద్ద ముక్కలు ఎలాగూ బతికేస్తాయి, 10 మి.మీ. బిట్ నాసిరకం స్టీల్‌ది అయినా చాలా ఏళ్లు నడుస్తుంది. తయారీ లోపాలు బయటపడేది 2 నుంచి 6 మి.మీ. మధ్యలో. మీ దగ్గర టైమ్ తక్కువ ఉంటే అన్నీ చూడకండి, ఈ నాలుగైదు చూడండి చాలు.

ఇప్పుడు అసలు విషయం, ఫిట్. హెక్స్ బిట్‌ని బోల్ట్ గుంటలో పెట్టినప్పుడు రెండింటి మధ్య కొంచెం సందు ఉండాల్సిందే, లేకపోతే లోపలికి దిగదు. ఆ సందు ఎంత ఉండొచ్చో ప్రమాణాలు ఉన్నాయి. అలెన్ కీలకి, అంటే ఆ ఎల్ కీలకి, ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) 2936 ప్రకారం 5 మి.మీ. కీ రెండు పలకల మధ్య వెడల్పు 5.00కి మించకూడదు, 4.95కి పెద్దగా తగ్గకూడదు. అలెన్ బోల్ట్‌లకి ఐఎస్ఓ 4762 ప్రకారం అదే 5 మి.మీ. గుంట కనీసం 5.02, గరిష్ఠం 5.14 ఉండొచ్చు. బిట్ సాకెట్ తయారీవాళ్లు కూడా మంచివాళ్లయితే కీల కొలతలకి దగ్గర్లోనే ఉంటారు. ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెడితే మనకి కావాల్సింది దొరుకుతుంది. మంచి బిట్ మంచి బోల్ట్ కలిస్తే సందు 0.02 మాత్రమే, రెండూ హద్దు చివర్లో ఉంటే 0.19 దాకా పోతుంది, అదీ రెండూ ప్రమాణం లోపలే ఉండగా.

ఇది వినడానికి వెంట్రుకవాసి తేడాలా ఉంటుంది కానీ కోణంలోకి మారిస్తే ఎంత పెద్దదో అర్థమవుతుంది. బిట్‌కి మూలలు పదునుగా ఉన్నాయనుకుని లెక్క కడితే, 5.00 బిట్ 5.02 గుంటలో దాదాపు 0.4 డిగ్రీలు తిరగగానే మూలలు గోడలకి ఆనుకుంటాయి. 4.95 బిట్ 5.14 గుంటలో 4 డిగ్రీలు తిరిగితేగానీ ఆనదు, అంటే పదింతలు. ఇక ప్రమాణానికి తగ్గి 4.85 ఉన్న నాసిరకం బిట్ అదే గుంటలో ఆరున్నర డిగ్రీల పైన తిరుగుతుంది. ఎంత ఎక్కువ తిరిగితే అంత నష్టం, ఎందుకంటే అప్పుడు బిట్ పలక మొత్తం ఆనుకోదు, మూల ఒక్కటే గోడలోకి గుచ్చుకుంటుంది, లోడ్ అంతా సన్నటి గీత మీద పడి గోడ లోహం నలిగి పక్కకి జరిగిపోతుంది, అలా రెండు మూడు సార్లు జరిగితే ఆరు పలకల గుంట కాస్తా గుండ్రటి గుంట అవుతుంది. బోల్ట్ రౌండ్ అయిపోయింది అని మనం అనేది దీన్నే. గమనించాల్సింది ఏంటంటే ఇందులో స్టీల్ గట్టిదనం పాత్ర ఇంకా రాలేదు. ఎంత గొప్ప స్టీల్ అయినా సన్నగా చేస్తే బోల్ట్‌ని పాడు చేస్తుంది, ఇంకా మాట్లాడితే గట్టి స్టీల్ సన్నటి బిట్టే బోల్ట్‌ని ఎక్కువ పాడు చేస్తుంది ఎందుకంటే అది నలగదు, బోల్టే నలగాలి.

కాబట్టి మొదటి పని వెర్నియర్ (దవడల మధ్య పెట్టి మందం కొలిచే సాధనం) తీసుకోవడం. డిజిటల్ వెర్నియర్ చాలు, కాకపోతే మామూలు డిజిటల్ వెర్నియర్‌లో 0.02, 0.03 మి.మీ. అటూ ఇటూ రావడం సహజం కాబట్టి 4.96 వచ్చిందా 4.97 వచ్చిందా అని తల పట్టుకోవద్దు. మైక్రోమీటర్ ఉంటే ఇంకా మంచిది. కొత్త బిట్ మీద నూనె పొర ఉంటుంది, ముందు శుభ్రంగా తుడవండి, వెర్నియర్ దవడలు కూడా తుడిచి జీరో చేయండి. తర్వాత కొస దగ్గర, కానీ చాంఫర్ (అంచున కోసిన వాలు) దాటిన చోట, మూడు జతల పలకలనీ కొలవండి. మూడూ ఒకేలా రావాలి. ఒకటి 4.97, ఇంకోటి 4.96, మూడోది 4.88 వచ్చిందంటే ఆ హెక్స్ ఆకారమే వంకర, అలాంటి బిట్‌లో ఆరు మూలలూ ఒకేసారి ఆనవు, రెండే ఆని లోడ్ మొత్తం మోస్తాయి. తర్వాత అదే మధ్యలో, మొదట్లో కొలవండి, కొసకి వెళ్లేకొద్దీ సన్నబడుతూ ఉంటే అది కూడా లోపమే.

5 మి.మీ. బిట్‌కి నేను పెట్టుకునే గీత ఇదీ. 4.95 నుంచి 5.00 మధ్య వస్తే హాయిగా వాడుకోవచ్చు. 4.90 నుంచి 4.95 మధ్యలో వస్తే కొత్త బోల్ట్‌లకి నడుస్తుంది, తుప్పు పట్టిన వాటి మీద నమ్మకం పెట్టుకోలేం. 4.90 కంటే తక్కువైతే తిరిగి ఇచ్చేయడమే. అటువైపు కూడా హద్దు ఉంది, 5.02 దాటితే కొన్ని బోల్ట్‌ల్లోకి అసలు దిగదు, పైన మందంగా క్రోమ్ వేసిన బిట్‌ల్లో ఇలా రావచ్చు, అప్పుడు సుత్తితో కొట్టి దించాల్సి వస్తుంది, తర్వాత తీయడానికి అంతకంటే ఎక్కువ కష్టపడాలి. మిగతా సైజులకి కూడా ఇంచుమించు ఇదే పద్ధతి, 6 మి.మీ. వరకు 0.05 తక్కువ దాకా సరే, 8, 10 సైజుల్లో 0.06 దాకా, 12 పైన 0.1 దాకా వదిలేయొచ్చు.

మూల నుంచి మూలకి కూడా కొలవండి, ఇది చాలామంది వదిలేస్తారు. పదునైన మూలలున్న హెక్స్ అయితే పలకల వెడల్పుని 1.1547తో గుణిస్తే మూలల కొలత రావాలి, 5 మి.మీ.కి 5.77. నిజం బిట్‌లో మూల కొద్దిగా గుండ్రంగా ఉంటుంది కాబట్టి 5.6, 5.7 ఆ చుట్టుపక్కల వస్తుంది, అది మంచిదే. అదే 5.5 దగ్గర ఆగిపోతే మూలలు మరీ గుండ్రంగా ఉన్నట్టు, పలకల మీద కొలత ఎంత బాగా వచ్చినా గుంటలో జారుతుంది. లోడ్ మోసేది మూలల దగ్గరి భాగమే కదా.

ఇప్పుడు కొస. బిట్ చివర అంచుని కొంచెం వాలుగా కోసి ఉంటారు, గుంటలోకి తేలిగ్గా దిగడానికి. దాన్నే చాంఫర్ అంటారు. అది ఎంత పొడవుందో చూడండి, ఎందుకంటే ఆ వాలు ఉన్నంత మేరా పట్టు లేనట్టే. ఎం6 అలెన్ బోల్ట్ గుంట లోతు కనీసం 3 మి.మీ., ఎం8కి 4, ఎం10కి 5. ఎం6 బోల్ట్‌లోకి దిగే బిట్‌కి 1 మి.మీ. చాంఫర్ ఉంటే మూడో వంతు పట్టు పోయింది. గుండ్రటి తల బోల్ట్‌లు ఉంటాయి కదా, బటన్ హెడ్ అంటారు, వాటి పరిస్థితి ఇంకా ఘోరం, ఎం6 బటన్ హెడ్‌లో గుంట లోతు కనీసం 2 మి.మీ. చిల్లర, పైగా దానికి పట్టేది 5 కాదు 4 మి.మీ. బిట్. సన్నటి బిట్, లోతు లేని గుంట, పైన పొడుగు చాంఫర్, ఇవి మూడూ కలిస్తే ఆ బోల్ట్ రౌండ్ అవడంలో ఆశ్చర్యం ఏముంది. కొస అడ్డంగా నిటారుగా కోసి, చాంఫర్ అర మిల్లీమీటర్ లోపు ఉండాలి, సెట్ నాణ్యత కంటితో చూసి చెప్పగలిగిన గుర్తు ఏదన్నా ఉందంటే నా దృష్టిలో ఇదొక్కటే. చాంఫర్ ఎక్కువగా ఉంటే గ్రైండర్ మీద కొసని నిటారుగా అరగదీసి సరిచేసుకోవచ్చు, బిట్ వేడెక్కకుండా మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ చేయాలి, రంగు మారి నీలంగా అయితే టెంపర్ (కాల్చి చల్లార్చి తెచ్చిన గట్టిదనం) పోయినట్టే. కాకపోతే అరగదీశాక వాపస్ చేయలేరు కాబట్టి మిగతా పరీక్షలన్నీ అయ్యాకే ఆ పని.

స్టీల్ సంగతికి వద్దాం. ఎస్2 అంటే దెబ్బల్ని తట్టుకోవడం కోసం తయారైన టూల్ స్టీల్, అందులో సిలికాన్, మాలిబ్డినం ఉంటాయి, కార్బన్ సుమారు అర శాతం. సరిగ్గా హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే బిట్‌ల్లో రాక్‌వెల్ సి స్కేల్ మీద 58 నుంచి 62 దాకా గట్టిదనం వస్తుంది. బోల్ట్‌లతో పోల్చి చూడండి, 8.8 గ్రేడ్ బోల్ట్ 22 నుంచి 32, 12.9 గ్రేడ్ బోల్ట్ 39 నుంచి 44. అంటే బిట్ ఎలాగూ బోల్ట్ కంటే చాలా గట్టిది. ఇక్కడే చాలామంది పొరబడతారు, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని అనుకుంటారు. బోల్ట్‌ని దాటాక ఇంకా గట్టిదనం పెంచితే అరుగుదల తగ్గుతుంది నిజమే, కానీ పెళుసుదనం పెరుగుతుంది. మెత్తటి బిట్ మెలితిరుగుతుంది, జిలేబీలా కనపడుతుంది, మీకు ముందే తెలుస్తుంది. మరీ గట్టి బిట్ ఏ సూచనా లేకుండా టప్పున విరిగి ముక్క ఎగిరి వస్తుంది, అందుకే రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలి. ఎస్2 అని ముద్ర ఉన్నంత మాత్రాన హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా జరిగిందని కాదు, అదే స్టీల్‌ని సరిగ్గా కాల్చి చల్లార్చకపోతే మామూలు ఇనుములా మెలితిరిగిపోతుంది. ముద్ర స్టీల్ పేరు చెప్తుంది, పని చెప్పదు.

ఇంట్లో గట్టిదనం కొలిచే మెషిన్ ఉండదు కాబట్టి ఆకురాయితో చూడొచ్చు. మంచి కొత్త ఆకురాయి రాక్‌వెల్ స్కేల్ మీద 60 పైనే ఉంటుంది. బిట్ మీద, కొసకి దూరంగా సాకెట్ దగ్గర ఉన్న పలక మీద, తేలిగ్గా ఒక్కసారి గీయండి. ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతే గట్టిదనం బాగుంది, కొంచెం పట్టీ పట్టనట్టు ఉంటే ఫర్వాలేదు, చక్కగా తెగి పొడి రాలితే ఆ బిట్ మెత్తది. పైన క్రోమ్ పూత ఉంటే మాత్రం ఈ పరీక్ష మోసం చేస్తుంది, పూత గట్టిగా ఉంటుంది, లోపల ఏముందో చెప్పదు. పైగా గీత పడితే వాపస్ తీసుకోకపోవచ్చు. అందుకే దీన్ని నేను చివరి మాటగా తీసుకోను, కింద చెప్పే టార్క్ పరీక్ష దీనికంటే నమ్మకం.

బిట్ సాకెట్‌కి ఎల్ కీకి లేని బలహీనత ఇంకోటి ఉంది, అతుకు. ఎక్కువ సెట్లలో బిట్ వేరు, సాకెట్ వేరు, బిట్‌ని సాకెట్‌లోకి ప్రెస్‌తో గట్టిగా దిగ్గొట్టి ఉంటారు, కొన్నింటికి అడ్డంగా పిన్ను కూడా వేస్తారు, కొన్నింటికి చిన్న సెట్ స్క్రూ. కొన్ని మాత్రం ఒకే ముక్కలో తయారవుతాయి. ఒకే ముక్క అయితే అతుకు గొడవ లేదు, నడుమ దగ్గర బలంగా ఉంటుంది, కానీ కొస అరిగితే మొత్తం పారేయాలి. రెండు ముక్కలదైతే బిట్ ఒక్కటే మార్చుకోవచ్చు, కాకపోతే ఆ కంపెనీ విడి బిట్‌లు అమ్ముతుందో లేదో ముందే చూసుకోవాలి, అమ్మకపోతే ఆ సౌకర్యం పేరుకే. ఏది మంచిది అని అడిగితే తయారీ బాగుంటే రెండూ మంచివే, తయారీ బాగోకపోతే రెండు ముక్కలదే ముందు పోతుంది.

అతుకుని పరీక్షించడం చాలా తేలిక. బిట్ సాకెట్‌లోకి దిగే చోట పెయింట్ మార్కర్‌తో రెండింటి మీదుగా సన్నటి గీత ఒకటి గీయండి. బిట్ కొసని బెంచ్ వైస్‌లో మెత్తటి రేకుల మధ్య బిగించి సాకెట్ పట్టుకుని లాగండి, ఊపండి. ఏమాత్రం కదిలినా, టకటక శబ్దం వచ్చినా అది పనికిరాదు, ఎందుకంటే ఒకరోజు బిట్ బోల్ట్‌లోనే ఉండిపోయి సాకెట్ ఒక్కటే చేతికొస్తుంది. గీత మాత్రం తుడవకండి, అలాగే ఉంచి కొన్నాళ్లు వాడండి. గీత మధ్యలో విరిగి పక్కకి జరిగిందంటే లోపల బిట్ తిరుగుతోందన్నమాట. టార్క్ రెంచ్‌తో (పెట్టిన టార్క్ రాగానే క్లిక్ అనే పిడి) వాడేవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం, బిట్ సాకెట్‌లో కొద్దిగా జారితే రెంచ్ క్లిక్ అంటుంది గానీ బోల్ట్‌కి ఆ టార్క్ అందిందని గ్యారంటీ ఉండదు.

తర్వాత నిటారుగా ఉందా లేదా. ఒక పొడుగు ఎక్స్‌టెన్షన్ కడ్డీకి తగిలించి, దాన్ని రెండు వేళ్ల మధ్య నిదానంగా తిప్పుతూ బిట్ కొసని చూడండి. ఒకే చోట తిరిగితే మంచిది, కొస గుండ్రంగా ఊగుతూ ఉంటే బిట్ వంకరగా దిగింది. ఎక్స్‌టెన్షనే వంకరేమో అని అనుమానం వస్తే వేరే సైజు బిట్ పెట్టి చూడండి, అన్నీ ఒకేలా ఊగితే తప్పు ఎక్స్‌టెన్షన్‌ది. కొంచెం ఊగడం పొట్టి బిట్‌ల్లో పెద్ద సమస్య కాదు, చేత్తో సర్దుకుంటుంది. పొడుగు బిట్‌ల్లో మాత్రం బాధే, తిప్పుతున్నప్పుడు బిట్ గుంటలో వాలుగా నిలబడి ఒకవైపే లోడ్ పడుతుంది. పొడుగు బిట్ గురించి ఇంకో మాట, పొడవు పెరిగితే మెలి తిరిగే బలం తగ్గదు కానీ మెలి ఎక్కువ కనపడుతుంది, రెట్టింపు పొడవుకి రెట్టింపు మెలి, స్ప్రింగ్‌లా ఆడుతుంది. అది చూసి నాసిరకం అనుకోకండి.

చదరపు డ్రైవ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. పావు అంగుళం, మూడు ఎనిమిదో వంతు, అర అంగుళం, ఈ మూడూ వరుసగా 6.3, 10, 12.5 అని ఐఎస్ఓ లెక్క. రాచెట్ మీద ఉన్న చిన్న బంతి సాకెట్ లోపలి గాడిలో టిక్కుమని కూర్చోవాలి, తలకిందులుగా పట్టుకుని ఊపితే రాలిపోకూడదు, చేత్తో లాగితే రావాలి. రెండు మూడు రాచెట్‌లతో చూడండి. లోపల మెషినింగ్ చిల్లులు, పగుళ్లు కనిపిస్తే పక్కన పెట్టండి.

ఇక టార్క్ పరీక్ష. నాకు అన్నిటికంటే నమ్మకం ఇదే. రెండు మూడు కొత్త అలెన్ బోల్ట్‌లు, 12.9 గ్రేడ్‌వి, తలల మీద అంకె ఉంటుంది చూసి తెచ్చుకోండి, ఎం6, ఎం8 చాలు. నట్టుని వైస్‌లో బిగించి, మధ్యలో వాషర్ పెట్టి, బోల్ట్‌ని బిట్‌తో టార్క్ రెంచ్ వేసి బిగించండి. ఎం6కి 10 న్యూటన్ మీటర్ల నుంచి మొదలెట్టి 14 దాకా, ఎం8కి 25 నుంచి 35 దాకా మెల్లగా పెంచండి. తుప్పు పట్టిన పాత బోల్ట్ మీద పరీక్షించి బిట్‌ని తిట్టడం న్యాయం కాదు, అక్కడ తప్పు ఎవరిదో తేలదు. కొత్త బోల్ట్ మీద అయితే తేలుతుంది. ప్రతిసారి విప్పి మూడు చూడండి, బిట్ మూలల మీద మెరిసే నలుగుడు గుర్తులు వచ్చాయా, బిట్ కొస మిగతా భాగంతో పోలిస్తే పక్కకి మెలితిరిగిందా, పెయింట్ గీత జరిగిందా. మూలల దగ్గర పూత కొంచెం పోయి సన్నటి మెరుపు గీత రావడం మామూలే. లోహం మడత పడి అంచు లేచి వేలికి గుచ్చుకుంటే అది మెత్తటి బిట్. పరీక్ష తర్వాత మళ్లీ వెర్నియర్‌తో కొలవండి, మొదటి కొలతకి ఇప్పటికి 0.03 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే అనుమానించాల్సిందే.

ఈ పరీక్షలో చేతి పద్ధతి కూడా లెక్కలోకి వస్తుంది. గుంట అడుగున పెయింటో మట్టో గ్రీజో ఉంటే బిట్ పూర్తిగా దిగదు, పైపైన పట్టుకుంటుంది, ఏ బ్రాండ్ అయినా జారుతుంది. సూదిలాంటిదానితో గుంట గీకి శుభ్రం చేసి, బిట్‌ని అడుగు తగిలేదాకా దించి, రాచెట్ తలని ఒక చేత్తో బోల్ట్ మీదికి నొక్కి పట్టుకుని ఇంకో చేత్తో తిప్పాలి. బిట్ సాకెట్లు బాగోలేవని చెప్పే ఫిర్యాదుల్లో చాలా వాటికి ఇదే కారణమని నా అభిప్రాయం, బిట్ తప్పు ఏమీ ఉండదు.

సైజుల దగ్గర ఇంకో గందరగోళం ఉంది. కొన్ని సెట్లలో మిల్లీమీటర్లూ అంగుళాలూ కలిపి ఇస్తారు, అంకె ఎక్కువ కనపడుతుంది కాబట్టి అమ్మకానికి బాగుంటుంది. మీ దగ్గర ఉన్నవన్నీ మిల్లీమీటర్ బోల్ట్‌లైతే అంగుళాలవి సాయం కాకపోగా కీడు చేస్తాయి. 5/32 అంగుళం అంటే 3.97 మి.మీ., 5/16 అంటే 7.94, ఇవి 4కి, 8కి ఎంత దగ్గరంటే కళ్లు మూసుకుని తీస్తే తేడా తెలియదు, అయినా చాలావరకు నడిచిపోతాయి. ప్రమాదం 1/4 అంగుళం దగ్గర, అది 6.35. అలాంటి అంగుళాల గుంట ఉన్న బోల్ట్ ఎప్పుడైనా తగిలి అందులో 6 మి.మీ. బిట్ పెడితే దిగుతుంది, పట్టుకున్నట్టే ఉంటుంది, బలం వేయగానే బోల్ట్ రౌండ్. 3/16 అంటే 4.76, దాన్ని 5 మి.మీ. గుంటలో పెట్టినా అంతే. రెండు రకాలూ ఒకే పట్టీ మీద కలిపి గుచ్చి ఉంటే ముందు విడదీసి పెట్టండి. సైజు అంకెలు సాకెట్ మీద లోతుగా గుద్ది ఉన్నాయా లేక పైపైన ప్రింట్ చేశారా కూడా చూడండి, గ్రీజు చేతులతో పట్టుకుంటే ప్రింట్ కొన్నాళ్లకి పోతుంది.

లేని సైజు కూడా లోపమే. కార్ల పని చేసేవాళ్లకి 7 మి.మీ. కావాలి, చాలా కార్ల బ్రేక్ కాలిపర్ గైడ్ పిన్నులకి అదే పడుతుంది, చాలా చిన్న సెట్లలో 6 తర్వాత నేరుగా 8కి దూకేస్తారు. 17 మి.మీ. కొన్ని జర్మన్ కార్ల గేర్‌బాక్స్ ప్లగ్‌లకి కావాలి. మెషిన్లు, సైకిళ్లు, ఫర్నిచర్ లాంటివే పని అయితే 2.5, 3, 4, 5, 6, 8 ఉంటే దాదాపు అన్నీ గడిచిపోతాయి.

కొన్ని సెట్లలో కొస బంతిలా ఉండే బాల్ ఎండ్ బిట్‌లు వస్తాయి. అవి పాతిక ముప్ఫై డిగ్రీల వాలులో కూడా బోల్ట్‌ని తిప్పుతాయి, చెయ్యి పెట్టలేని సందుల్లో చాలా ఉపయోగం. కానీ బంతి వెనక మెడ సన్నగా ఉంటుంది, ఆనేది కూడా తక్కువ చోట. వదులైన బోల్ట్‌ని గబగబా తిప్పడానికే అవి, మొదటిసారి విప్పడానికీ చివర బిగించడానికీ కాదు. సెట్ మొత్తం బాల్ ఎండ్‌వే అయితే నేను కొనను. బిట్ పలకల్ని కొద్దిగా లోపలికి తవ్వినట్టు చేసి లోడ్ మూల మీద కాకుండా కొంచెం లోపలికి పడేలా చేసే డిజైన్లు కూడా ఉన్నాయి, వేరా అనే టూల్ కంపెనీ వాళ్ల హెక్స్-ప్లస్ అలాంటిదే, దాన్ని పలకల మధ్యలో కొలిస్తే మామూలు లెక్కలు వర్తించవు, అది గుర్తుపెట్టుకోండి.

ఇంపాక్ట్ గన్‌తో (దెబ్బలు కొడుతూ తిప్పే మెషిన్) వాడదాం అనుకుంటే సెట్ మీద ఇంపాక్ట్ అని స్పష్టంగా రాసి ఉంటేనే వాడండి. మెరిసే క్రోమ్ సాకెట్లు చేతి పనికి చేసినవి, గన్ దెబ్బలకి పగులుతాయి, క్రోమ్ పొర పెచ్చులుగా లేచి వేళ్లని కోసేస్తుంది. ఇంపాక్ట్ సాకెట్లు ఎక్కువగా క్రోమ్ మాలిబ్డినం స్టీల్‌తో, మందం గోడలతో, నల్లగా ఉంటాయి. నల్లగా ఉన్నవన్నీ ఇంపాక్ట్‌వి కావు, నలుపు రంగు పూత ఎవరైనా వేయొచ్చు.

ఇవన్నీ చూశాక ఏం చేయాలి అనేది ఎన్ని ముక్కలు తప్పాయో అన్నదాన్ని బట్టి. 4, 5, 6 సైజుల్లో రెండు ఫెయిల్ అయితే మిగతావి ఎంత బాగున్నా సెట్ మొత్తం వాపస్ చేసేయండి, అది ఒక్క ముక్క లోపం కాదు, ఆ ఫ్యాక్టరీ కొలతల మీదే పట్టు లేదు. ఒక్కటే ఫెయిల్ అయితే మార్పిడి అడగండి, ఇవ్వకపోతే ఆ ఒక్క సైజు మంచి కంపెనీది విడిగా కొనుక్కోండి, సెట్ ధరతో పోలిస్తే అది చిన్న ఖర్చు. చాంఫర్ ఒక్కటే ఎక్కువైతే గ్రైండింగ్‌తో పోతుంది. వాపస్ గడువు ఉండగానే మొదటి రెండు మూడు రోజుల్లో కొలతలూ టార్క్ పరీక్షా అయిపోవాలి, కొలతలు ఒక కాగితం మీద రాసి బాక్స్ మూత లోపల అంటించండి, ఆరు నెలల తర్వాత 5 మి.మీ. బిట్‌ని మళ్లీ కొలిస్తే ఎంత అరిగిందో అప్పుడు లెక్క తెలుస్తుంది, 4.90 దిగిన రోజు దాన్ని పక్కన పెట్టి కొత్తది వేసుకోండి.